సంసారి బండి

సోఫాల మేస్త్రికి పెళ్ళితో పాటు రెండు వచ్చాయి. ఒకటి మంచి భార్య, రెండోది గొంతులో వెలక్కాయలాంటి తోడల్లుడు. భార్య విషయంలో ఆయనకు ఏనాడూ చింత లేదు. తోడల్లుడి విషయంలో మాత్రం పద్దెనిమిదేళ్ళుగా కడుపులో ఒక సన్నని మంట ఆరకుండా ఉంది.

తోడల్లుడు చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు, తిట్టుకుని ఊరుకునేవాడు. ఆయన మంచివాడు. పెద్ద భవనాల్లో లిఫ్టులు బిగించే పని. పొడుగ్గా ఉంటాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఎవరింటికి వెళ్ళినా తలుపు కిర్రుమంటే అడక్కుండానే బందుకు నూనె చుక్క వేసి వస్తాడు. మామగారు "మా పెద్దల్లుడు" అన్నప్పుడు గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. "మా చిన్నల్లుడు" అనబోయేసరికి దగ్గొస్తుంది. ఆ దగ్గు నిజంగా దగ్గేనని భార్య ఎన్నిసార్లు చెప్పినా మేస్త్రి నమ్మలేదు.

మేస్త్రి మాత్రం ఏం తక్కువవాడు కాదు. బజారు వెనక వీధిలో పొడుగాటి కొట్టు. ఒక పక్క స్పాంజి దిమ్మలు, ఇంకో పక్క స్ప్రింగులు బయటపెట్టుకుని వెల్లకిలా పడి ఉన్న పాత సోఫాలు. ఆయన వంకర సూది పట్టుకుంటే కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో ఇంకొకరు పట్టుకోలేరు. చిన్న మేకులు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల పగలంతా పెద్దగా మాట్లాడడు. వచ్చేవాళ్ళతో మాట్లాడేది, గుడ్డ ఎంపిక చేయించేది ముందు గదిలో కూర్చునే భార్య.

తోడల్లుళ్ళిద్దరికీ మోటారు సైకిళ్ళ పిచ్చి. ఇద్దరివీ ఒకే రకం బండ్లు. దూరప్రయాణాలకని చేసినవి. రెండు పక్కలా సామాను పెట్టెలు, ముందు గాలి అద్దం, ఏనుగంత ఇంజను. ఏటా వానలు వెలిశాక అక్కచెల్లెళ్ళను వెనక ఎక్కించుకుని ఊరికి ఎగువన కొండల్లో ఉన్న డ్యాము దాకా పోయి రావడం వాళ్ళకు ఆనవాయితీ.

ఆ ఏడాది తోడల్లుడి భార్య రాలేదు. మోకాళ్ళ నొప్పులంది. తోడల్లుడు ఒక్కడే వచ్చాడు. కొండ మొదలయ్యేదాకా మేస్త్రి బండే ముందుంది. మొదటి పెద్ద మలుపు దాటగానే వెనకనుంచి ఒక ఉరుము వినిపించింది. మేస్త్రి గేరు దించి ఆక్సిలరేటర్ తిప్పేలోపల తోడల్లుడు పక్కకొచ్చాడు, చెయ్యి ఊపాడు, ముందుకెళ్ళి మలుపులో మాయమైపోయాడు.

వెనకనుంచి భార్య మేస్త్రి భుజం మీద గడ్డం ఆనించి, "బావ బండి భలే ఎక్కుతోంది కదండీ" అంది.

ఆవిడ మామూలుగానే అంది. కానీ ఆ మాట మేస్త్రి చెవిలో పడి అరికాలి దాకా దిగింది.

పైన టీకొట్టు దగ్గర తోడల్లుడు ఇంజను ఆపకుండానే నిలబెట్టి ఉన్నాడు. దడ... దడదడ... దడ అని అది తప్పటడుగులు వేస్తున్నట్టు కొట్టుకుంటోంది. టీ తాగేవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని దాని చుట్టూ చేరారు.

"ఏం చేయించారన్నయ్యా?" అన్నాడు మేస్త్రి, గొంతు మామూలుగా ఉంచడానికి నానా తంటాలు పడుతూ.

"క్యాంషాఫ్ట్ మార్పించాను తమ్ముడూ. బిగింపు బాబాయి చేతి పని."

"నేనూ మార్పిద్దామా అనుకుంటున్నా."

తోడల్లుడు నవ్వాడు. "నీకెందుకులే. నీది సంసారి బండి."

ఎవరో ఇద్దరు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. టీ ఎలా ఉందో మాత్రం ఆయన నాలుకకు తెలియలేదు.

ఆ వారమంతా ఆయన మనసు మనసులో లేదు. పువ్వుల గుడ్డ వేయమని ఇచ్చిన సోఫాకు పువ్వులన్నీ తలకిందులుగా వచ్చేలా కుట్టేశాడు. అన్నం ముందు కూర్చుంటే దడదడ, ముఖం కడుక్కుంటే దడదడ. భార్య ఏమైందని అడిగితే నడుం నొప్పన్నాడు. చివరికి ఒక రోజు కొట్టు మధ్యలో వదిలేసి బిగింపు బాబాయి షెడ్డుకు వెళ్ళాడు.

బాబాయి పాత ఇంజన్ల మనిషి. ఏ బండి తెచ్చినా ముందు "ఎక్కడో బిగింపు తగ్గింది" అంటాడని ఆ పేరు. షెడ్డు నిండా నూనె వాసన, కిరోసిన్ బేసిన్‌లో నానుతున్న గేరు చక్రాలు. మేస్త్రి సంగతి చెప్పగానే ఆయన లోపలికెళ్ళి రెండు గుడ్డ మూటలు తెచ్చి బల్ల మీద విప్పాడు. రెండు క్యామ్‌లు, ఉక్కు కడ్డీల మీద కోడిగుడ్డు ఆకారంలో నున్నటి బొడిపెలు. చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇంజను ఊపిరి పీల్చేదీ వదిలేదీ వీటి చెప్పుచేతల్లో ఉంటుంది," అన్నాడు బాబాయి. "ఈ బొడిపె పైకి నెడితే వాల్వు తెరుచుకుంటుంది, జారిపోతే మూసుకుంటుంది. ఇదిగో, ఈ మొదటిది వాల్వును పెందలాడే మూసేస్తుంది. అడుగునుంచే లాగుతుంది. ఇద్దరు మనుషులు, సామాను, ఎత్తు రోడ్డు అయినా సరే, గుట్టుగా ఎక్కించేస్తుంది. రెండోది వాల్వును చాలాసేపు తెరిచి ఉంచుతుంది. ఇంజను పరుగందుకున్నాక దీన్ని పట్టేవాడు లేడు. కానీ మెల్లగా పోయేటప్పుడు పీల్చిన దాంట్లో కొంత వెనక్కి కక్కేస్తుంది. కుదుపు, బలం చాలదు. నిలబెడితే ఆ దడదడ."

"మా అన్నయ్య బండిలో ఉన్నది ఏది?"

"రెండోది."

"అయితే నాకూ అదే."

బాబాయి కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టాడు. "ఆయన సంగతి వదిలెయ్. నువ్వు ఎలా నడుపుతావో చెప్పు. వెనక ఎవరెక్కుతారు?"

మేస్త్రి తలెత్తకుండా రెండో కడ్డీ మీద వేలు రాస్తూ, "ఎవరూ ఎక్కరు," అన్నాడు.

"మీ ఆవిడ?"

"మానేసింది. ఇక ఎక్కదు."

అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి ఊడిపడుతుందని ఆయన అనుకోలేదు. బాబాయి "నీ బండి, నీ ఇష్టం," అని మొదటిదాన్ని మళ్ళీ మూటకట్టేశాడు.

బండి చేతికొచ్చిన రోజు మేస్త్రికి కాళ్ళు నేల మీద నిలవలేదు. కొత్త క్యామ్‌కు తగ్గట్టు వాల్వు స్ప్రింగులు మార్చి, పెట్రోలు పాళ్ళు సరిచేసి ఇచ్చాడు బాబాయి. వీధి చివర నిలబెడితే చాలు, కిటికీ రెక్కలు గడగడలాడాయి. కూరగాయల కొట్టు దాకా వెళ్ళాల్సొస్తే ఊరంతా చుట్టి వచ్చాడు. సందుల్లో మెల్లగా పోనిస్తే మొండి దూడలా గుంజుకునేది. అది మగతనం అనుకున్నాడు. భార్యను ఎక్కమని అడగలేదు. ఏదో ఒక సాకు దొరికేది.

ఒక మధ్యాహ్నం బిగింపు బాబాయి చిరిగిన కుర్చీ సీటొకటి పట్టుకుని కొట్టుకొచ్చాడు. మేస్త్రి లోపలి గదిలో పెద్ద సోఫా వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నోటినిండా మేకులు.

"ఏమ్మా, ఒంట్లో బాగుండట్లేదా?" అని ముందు గదిలో ఉన్న మేస్త్రి భార్యను అడిగాడు బాబాయి. "బండెక్కడం మానేశావటగా."

"ఎవరన్నారు బాబాయిగారూ?"

"మీ ఆయనే. ఇక ఎక్కదు, ఒక్కడినే తిరుగుతానంటేనే కదా ఆ క్యామ్ వేసింది. లేకపోతే నేను వేస్తానా?"

మేస్త్రి ఏదో అనబోయాడు. పెదాల మధ్య మేకులు అననివ్వలేదు. భార్య తల తిప్పి సోఫా మీదుగా ఆయన్ని చూసింది. ఎక్కువసేపు చూడలేదు. తర్వాత బాబాయి చేతిలోంచి సీటు అందుకుని, "అవును బాబాయిగారూ, మానేశాను," అంది. "దీనికి ఏ రంగు వేయించమంటారు?"

ఆ తర్వాత ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. వేళకు భోజనం పెట్టింది, కొట్టుకొచ్చింది, గుడ్డ కొలిచింది. మేస్త్రి రెండుసార్లు మొదలుపెట్టబోయి నీళ్ళు నమిలాడు. అరిచి ఉంటే బాగుండుననిపించింది.

మామగారికి డెబ్భై నిండిన సందర్భంగా అందరూ డ్యాము దగ్గరి అతిథి గృహంలో కలుద్దామనుకున్నారు. బయల్దేరే పొద్దున మేస్త్రి బండి తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. భార్య చేతిసంచి పట్టుకుని వచ్చింది, బండి పక్కనుంచి నడిచి గేటు తీసింది.

"ఎక్కడికి?"

"బస్టాండుకి. నేను ఎక్కనని మీరే చెప్పారుగా. మీ మాట నిలబెట్టొద్దూ?"

ఆయన సందు మలుపు దాకా ఆవిడ వీపు చూస్తూ నిలబడిపోయాడు. కానీ మనిషి బుద్ధి ఎలాంటిదో చెప్పలేం. కొండ మొదట్లో తోడల్లుడి బండి కనిపించేసరికి ఆ వీపు, ఆ గేటు అన్నీ మరిచిపోయాడు. పళ్ళు బిగబట్టి ఆక్సిలరేటర్ తిప్పాడు. ఇంజను పరుగందుకుంది. సగం కొండ దాకా ఇద్దరూ పక్కపక్కనే. పెద్ద మలుపు తర్వాత ఎత్తులో మేస్త్రి ఒక బండి పొడుగు ముందుకొచ్చాడు, తర్వాత రెండు, ఆ తర్వాత అద్దంలో తోడల్లుడు చిన్న చుక్క.

పైకొచ్చి టీకొట్టు ముందు ఆగాడు. ఇంజను దడదడమంది. టీకొట్టువాడు నిద్రకళ్ళతో చూసి, "ఎన్ని టీలు?" అన్నాడు. ఇంకెవరూ లేరు. పద్దెనిమిదేళ్ళ మంట చల్లారాల్సిన రోజున ఆయనతో "భలే ఎక్కిందండీ" అనడానికి ఒక్క మనిషి లేడు.

తోడల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన వెనక సీటూ ఖాళీయే.

"మరదలేది?"

"బస్సులో వస్తోంది."

"మీ వదినా అందులోనే." తోడల్లుడు టీ ఊదుకున్నాడు. "ఆవిడకు మోకాళ్ళ నొప్పులేం లేవు తమ్ముడూ. క్యామ్ మార్చాక రెండుసార్లు ఎక్కింది. నడుం విరిగింది, మీ ఇంజన్నే వెనక కూర్చోబెట్టుకుని తిరగండి అంది."

"మరి ఎందుకు మార్పించారు?"

"ఎందుకంటే ఏం చెప్పను. ఏటా నువ్వు ముందు, నేను వెనక. మరదలు నీ వీపు మీద తల వాల్చి నిద్రపోయేది. ఆవిడ లేస్తుందేమోనని నువ్వు గుంతలు తప్పించుకుంటూ పోయేవాడివి. మీ వదిన ఒక్కసారి కూడా నా వీపు ఆనుకుని కూర్చోలేదు. అదంతా వెనకనుంచి చూస్తూ రావడం నా వల్ల కాలేదు. కనీసం ముందైనా పోదామనిపించింది."

మేస్త్రికి ముందుగా కలిగింది జాలి కాదు. తోడల్లుడు తనను చూసి ఏడ్చాడన్న సంగతి నోట్లో పంచదార పలుకులా కరిగింది. ఇంకా చెబితే బాగుండు, ఇంకోసారి చెబితే బాగుండు అనిపించింది. అంతలో బస్సొచ్చింది. అక్కచెల్లెళ్ళు మామగారిని చెరోపక్క పట్టుకుని దించారు. దేనికో పడీపడీ నవ్వుకుంటున్నారు. భార్య కళ్ళు మేస్త్రి మీద పడ్డాయి. నవ్వు ఆగిపోలేదు గానీ, చూపు ఆయన మీద ఆగకుండా వెళ్ళిపోయింది. నోట్లోని తీపి విరిగిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన చెప్పాల్సినదంతా చెప్పాడు. టీకొట్టు దగ్గరి నవ్వు, సంసారి బండి అన్న మాట, కడుపు మంట, షెడ్డులో ఆడిన అబద్ధం. భార్య బట్టలు మడతపెడుతూ విన్నది.

"బావ కోసం క్యామ్ మార్చుకున్నారు, సరే. దానికి నన్ను ఎందుకు దింపేశారు?" అంది.

"తప్పయింది," అన్నాడు.

"తప్పే," అంది ఆవిడ. అంతకు మించి తేలిక చేయలేదు.

మర్నాడే ఆయన షెడ్డుకు వెళ్ళి మొదటి కడ్డీ వేయమన్నాడు. ఇంజను మళ్ళీ విప్పాలా అని బాబాయి నానా సణుగుడూ సణిగాడు. వెనక ఎవరెక్కుతారని మళ్ళీ అడిగాడు.

"మా ఆవిడ. ఎక్కితే."

ఆవిడ వెంటనే ఎక్కలేదు. బండి చప్పుడు తగ్గింది, సందుల్లో మెత్తగా నడిచింది, వెనక సీటు మీద దుమ్ము పడుతూనే ఉంది. మేస్త్రి రోజూ తుడిచేవాడు. అడిగితే కాదంటుందేమోనని అడగలేదు. ఒక ఆదివారం తల దువ్వుకుని బయటికొచ్చేసరికి ఆవిడ చేతిసంచి సామాను పెట్టెలో ఉంది. ఆవిడ పక్కన నిలబడి, "అక్క వాళ్ళింటి దాకా. మెల్లగా," అంది. దారిలో వంతెన ఎత్తు వచ్చింది. గేరు దించకుండానే బండి నింపాదిగా ఎక్కింది. ఆవిడ బండి గురించి ఏమీ అనలేదు. వంతెన దిగాక మాత్రం ఆయన చొక్కా వెనక గుప్పిట్లో పట్టుకుంది.

మంట ఆరిందా అంటే, ఆరలేదు. కొన్నాళ్ళకు తోడల్లుడు కూడా ఆ దడదడ క్యామ్ మార్పించుకున్నాడు. మార్పించుకుని, వెనక సీటు ఊడదీసి చంకలో పెట్టుకుని మేస్త్రి కొట్టుకొచ్చాడు.

"మీ వదినకు మెత్తగా కుట్టి పెట్టు తమ్ముడూ. ఆవిడ కూర్చునేట్టు."

"దాందేముంది అన్నయ్యా," అన్నాడు మేస్త్రి. కానీ ఆయన వెళ్ళాక మంచి స్పాంజి దిమ్మ మీద పెట్టిన చెయ్యి దానంతటదే పక్క దిమ్మ మీదకు జరిగింది. అది ఒక వేలి మందం తక్కువ, కాస్త గట్టిది. చూసేవాళ్ళకు తెలియదు. గంట ప్రయాణం చేసినవాళ్ళకే తెలుస్తుంది. దాన్ని కోసి, పేర్చి, పైన తోలు బిగించి, ఎప్పటికంటే అందంగా కుట్టాడు.

సాయంత్రం భార్య కొట్టు సర్దుతూ ఆ సీటు చూసింది. అరచేత్తో ఒకసారి నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఇన్నేళ్ళుగా స్పాంజి అమ్మే చెయ్యి అది.

"దీనిమీద కూర్చునేది బావ కాదు," అంది. "మా అక్క."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. దీపం దగ్గరికి లాక్కుని, తాను అంత ముద్దుగా కుట్టిన కుట్టును కత్తెర మొనతో ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. భార్య వెళ్ళి మంచి దిమ్మను దింపి ఆయన పక్కన పెట్టింది.