మావయ్య దాచుకున్న కొమ్ముల జంతువు పళ్ళు

మా మేనమామ పోయారని తమ్ముడు వచ్చి చెప్పినప్పుడు నేను తులసి కుండీ దగ్గర దీపం పెడుతున్నాను. నెల తిరగకముందే మా మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, తెలుగువాళ్ళ వీధి కుళాయి దగ్గర మాటలు మొదలయ్యాయి. ఆయన నల్లమందు తినేవారని కొందరు, చచ్చినవాళ్ళ పళ్ళు దాచి చేతబడి చేసేవారని కొందరు. నాకు ఎవరితోనూ గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. అందుకే కలం పట్టుకున్నాను.

మావయ్య సముద్రం దాటి వచ్చి బోటాటౌంగ్ రేవులో గుమాస్తా అయ్యారు. నాకు ఇంగ్లీషు చదవడం నేర్పింది ఆయనే. యాభై దాటేసరికి ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. అన్నం మెత్తగా పిసికి మజ్జిగతో మింగేవారు. నవ్వితే పసివాడి నోరే.

మొదట అనుమానించింది అత్తే. ఆదివారం వస్తే ఆయన లమ్మడా వైపు, చీనావాళ్ళ వీధికి నడిచి పోయేవారు.

"నల్లమందుకే. నేకపోతే ఆ ఈధిలో ఈయనకేటి పని? నువ్వు కూడా ఎల్లి సూసి రా అమ్మడూ" అని నన్ను వెంట పంపింది.

వెళ్ళి చూస్తే అదొక చీనా మందుల కొట్టు. గోనెసంచి నిండా రాయిలా మారిన ఎముకలూ పళ్ళూ. చీనావాళ్ళు వాటిని డ్రాగన్ పళ్ళంటారు. నూరి, నిద్రపట్టని వాళ్ళకు మందుగా ఇస్తారు. మావయ్య సంచి ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి చూసి పక్కన పెడుతున్నారు. చివరికి ఒకదాన్ని నాలిక కొసకు ఆనించారు.

"ఏటి మావయ్యా, ఎముక నోట్లో ఎట్టుకుంటారా?"

"ఎముక ఎప్పుడో రాయైపోనాదమ్మా. ఉత్త రాయైతే జారిపోద్ది. ఇలాటిదాన్ని నాలిక అట్టుకుంటాది, సూడు."

మళ్ళీ నాలికకు ఆనించి వేలు తీసేశారు. పన్ను నాలికకే వేలాడుతోంది.

ఇంటికొచ్చాక ఓడలో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూపించారు. మూడు కొమ్ములు, మెడ చుట్టూ చేటంత ఎముక, చిలక ముక్కులాంటి మూతి. డైనోసార్ అట. మన పుట్టుకకు ఎంతో ముందే పోయిందట. ఆ పళ్ళు దాని జాతివేనట.

"కొమ్ములుండి ఆకులు తినేదాన్ని మా ఊల్లో గేదె అంతారు" అంది అత్త.

"గేదె పన్నుకి ఇలా నడి మజ్జిన గట్టుంటాదేటే? ఏరు సూడు, రెండుగా సీలింది. కింద పుట్టే పన్ను ఆ సీలికలో ఇముడుతాది. పైది అరిగి రాలితే కిందది లెగుస్తాది. బతికినన్నాళ్ళూ అంతే." ఆయన తన చిగుళ్ళు తడుముకున్నారు. "మనకా యోగం నేదు."

నేను చదివిన ఏ పురాణంలోనూ అటువంటి జంతువు లేదు. నమ్మకం కుదరలేదని మెల్లగా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"నమ్మకపోతే మానీ. కానీ సేత్తో అట్టుకుని అనుమానించమ్మా. దూరంనుంచి అనుమానిస్తే అది కుళాయికాడి మాటవుద్ది."

అత్త మాత్రం మావయ్య కొని తెచ్చి దాచిన ఆ పళ్ళ పెట్టెను గడప దాటి లోపలికి రానివ్వలేదు. వరండా దూలానికి వేలాడేది. ముట్టుకుంటే మావయ్య స్నానం చేసి రావాలి, ఎంత ముసురులోనైనా సరే.

పోయిన రోజున ఆయన నోట్లో తులసి తీర్థం పోసింది అత్త. దవడకు గుడ్డ కట్టింది కూడా తనే. నన్ను దగ్గరికి రానివ్వలేదు. అది నాకు వింతగా తోచింది.

పిల్లలు లేరు గనక తమ్ముడే తలకొరివి పెట్టాడు. మూడోనాడు అస్థికల కుండ బోటాటౌంగ్ నది ఒడ్డుకు తెచ్చాడు. వద్దంటున్నా వినకుండా అత్త కూడా వచ్చింది. పంతులుగారు ఎముకలను పాలతో కడుగుతుంటే నల్లటి పన్నొకటి బయటపడింది.

"ఇదేమిటి? ఆయనకి పళ్ళు లేవు కదా. ఇది జంతువుదైతే నీళ్ళలో కలపకూడదు. కర్మంతా మైలైపోతుంది" అన్నారాయన.

"ఒక దవడ పన్ను మిగిలుంది. ఎవులు సూసేరు?" అంది అత్త, నది వైపే చూస్తూ.

పంతులుగారు నమ్మలేదు. పన్ను నా చేతిలో పెట్టారు. "నువ్వు నిత్యం పూజ చేసుకునే మనిషివి తల్లీ. నువ్వు చెప్పు. నీ మాట మీద కానిస్తాను."

నడుమ గట్టు వేలికి తగిలింది. వేరు ఒక పాయ మంటకు విరిగిపోయింది, రెండోది అలాగే ఉంది. నిజం చెబితే మావయ్య అస్థికలు ఒడ్డునే ఆగిపోతాయి. చెప్పకపోతే తప్పు చేసిందాన్నవుతాను. అత్త నా వైపు చూడలేదు. పైట కొంగు మాత్రం గుప్పిట్లో నలిగిపోతోంది.

పన్నును కుండలో, ఎముకల అడుగున నా చేత్తోనే పెట్టాను. పంతులుగారు మంత్రం అందుకున్నారు.

ఆ పన్ను ఆయన నోట్లోకి ఎలా వచ్చిందని తర్వాత ఇంటి దగ్గర అత్తను అడిగాను. "నాకేటి తెలుసు? ఆయనే ఎట్టుకున్నాడేమో. ఆ నాలికకి అలవాటేగా" అంది. నా అనుమానం తీరలేదు.

కుళాయి దగ్గరి వాళ్ళకు జవాబిద్దామని మొదలుపెట్టాను. ఇప్పుడు చదువుకుంటే ఇది వాళ్ళకు చూపించేది కాదని తెలుస్తోంది. ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా దాచండి, పారేయకండి. అత్త ఉన్నంతకాలం, పంతులుగారు ఉన్నంతకాలం ఎవరికీ చూపించకండి.

కిందటి వారం అత్తకు పప్పుచారు పట్టుకెళ్ళాను. వరండా దూలానికి పెట్టె లేదు. తలుపు సందులోంచి చూస్తే అది లోపల, దేవుడి పీట పక్కన తెరిచి ఉంది. అత్త గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నాలిక కొసకు ఏదో ఆనించి, మెల్లగా వేలు తీసేసింది.

అది పడలేదు.