ఎవరూ అడగని మట్టి

బుధవారం ఉదయం పదిన్నరకు మా భూశాస్త్ర విభాగం హెడ్డుగారు తొమ్మిది వేల ఏళ్ల నాటి చెరువు మట్టిని రెండు చెంచాలు వేడినీళ్లలో కలుపుకుని, చక్కెర వేసుకుని, సగం కప్పు తాగారు. పొడి కాస్త పాతబడినట్టుందన్నారు. ఆయన అంచనా తప్పేం కాదు.

ఎండబెట్టి నూరిన ఆ మట్టి ఖాళీ కాఫీ సీసాలో ఉండేది. ఆ సీసాను కెటిల్ పక్కన మరిచిపోయింది విభాగం గుమాస్తానైన నేను. నింద మాత్రం చలిగది చూసుకునే స్వెట్టరక్క మీద పడింది. ఆవిడ కాదనలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఎండలు మండిపోతున్నా ఊదారంగు స్వెట్టరు విప్పదు కనుక ఆవిడకా పేరు. చెరువుల అడుగు నుంచి విద్యార్థులు పొడవాటి గొట్టాలతో తీసిన మట్టిని ఎండిపోకుండా, బూజు పట్టకుండా ఇరవై ఆరేళ్లుగా కాపాడుతోంది. ఇంట్లో తనొక్కతే. గదిలో నూట పద్నాలుగు గొట్టాలు. మధ్యాహ్నం డబ్బా కూడా చలిగది తలుపు దగ్గరే స్టూలు మీద కూర్చుని తింటుంది. క్యాంటీనుకు రమ్మంటే, "అక్కడ నాతో మాట్లాడేదెవరు?" అంటుంది, ఇక్కడేదో ఉన్నట్టు.

కడుపు కుదుటపడగానే హెడ్డుగారు నోటీసు పెట్టారు. శుక్రవారంలోగా ఒక్కో గొట్టానికీ యజమాని పేరు చేరాలి. చేరనిది చెత్తబండికి. సగానికి సగం పోతే గదికి తాళం, అక్కకు వేరే చోట కుర్చీ.

ఇక నా బల్ల మీది ఫోను రెండు రోజులూ అక్కదే, పాత విద్యార్థులందరికీ.

"అక్కా! నువ్వింకా అక్కడే ఉన్నావా?" అంది ఒకమ్మాయి.

"ఉన్నానమ్మా. నీ మట్టీ ఉంది. పడవలో ఒళ్లో పెట్టుకుని తెచ్చావు చూడు, అది."

"అయ్యో, నేనిప్పుడు బ్యాంకులో కదక్కా! పారేసెయ్, ఏమీ అనుకోను."

"నువ్వనుకోవులే," అని పెట్టేసింది.

ఇంకొకడు, "ఇన్నాళ్లకు ఫోను, పెళ్లి పిలుపా ఏంటక్కా?" అని ఆటపట్టించాడు. "నీ మట్టికేరా, సంబంధం చూడాలి," అంది అక్క. నవ్వి, మీటింగుందని వెళ్లిపోయాడు.

గురువారం సాయంత్రానికి పేరిచ్చినవాళ్లు ముగ్గురు. 'ఎలా ఉన్నావక్కా' అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మనసాగక, "ఒక గొట్టం నా పేరున రాసుకోండక్కా," అన్నాను.

"సీసానే చూసుకోలేవు, నీకు గొట్టం కూడానా!" అంది, గొట్టాల పేర్ల పట్టీ మీంచి తలెత్తకుండానే. అయితే ఆవిడకు తెలుసన్నమాట.

శుక్రవారం హెడ్డుగారు ఆ పట్టీ పట్టుకుని స్వయంగా చలిగది దాకా వచ్చారు.

"ఏంటమ్మా ఇది? మూడు తప్ప నూట పదకొండింటికీ నీ పేరే రాశావు! యజమాని అంటే తవ్వి తెచ్చినవాళ్లు, తుడిచి దాచేవాళ్లు కాదు."

అక్క స్వెట్టరు పైబొత్తం పెట్టుకుంది.

"ఎవరొచ్చి అడిగినా ఆ నిమిషమే నా పేరు కొట్టేస్తాను సార్."