కిసుముకు యాభై నిమిషాలు

ఖతర్‌లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా విల్లా మీదుగా విమానం పోయినప్పుడల్లా అచియెంగ్ చేతిలో పని ఆగిపోయేది. గిన్నెలు తోముతున్నా, నా మనవరాలికి జడ వేస్తున్నా తలెత్తి చూడాల్సిందే. నువ్వు చూడకపోతే అది కింద పడుతుందా అని దెప్పేదాన్ని. నవ్వేది.

ఆమెది కెన్యా. మా అబ్బాయి రయీస్ ఇంట్లో పనికి కుదిరేనాటికి ఆమె కూతురు అకిన్యికి ఇంకా నడక రాలేదట. ఇప్పుడు పరుగెత్తుతోంది. ఫోన్‌లో తల్లి ముఖం కనబడితే మాత్రం అమ్మమ్మ వెనక దాక్కుంటోంది.

సెలవు దొరికింది. రయీస్ నైరోబీకి టికెట్ తీశాడు. ఇంకేం, ఇల్లు చేరినట్టే అన్నాను. అక్కడ దిగి మళ్ళీ కిసుము అనే ఊరికి పోవాలని అచియెంగ్ చెప్పింది. కోరుట్లలో మా చెల్లెలు నేను దుబాయ్‌లో ఉన్నానంటుంది. ఖతర్ అని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. అలాంటి నేనే ఆఫ్రికా అంతా ఒక్క ఊరనుకున్నాను.

రయీస్ ఫోన్‌లో వెతికాడు. నైరోబీ నుంచి కిసుముకు గాలిలో దాదాపు రెండు వందల ఎనభై కిలోమీటర్లు, యాభై నిమిషాల ప్రయాణం. ఆ టికెట్ కూడా తీస్తానన్నాడు. బస్సయితే ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోతుంది. కాకపోతే ఆ చిన్న విమానంలో అచియెంగ్ కట్టుకున్న పెద్ద అట్టపెట్టెను ఎక్కించనివ్వరు.

దుప్పట్లు, పాలపొడి, గిన్నెలు, బొమ్మలు. జీతం వచ్చిన ప్రతిసారీ ఒకటి చేర్చి, తాడు తనే బిగించింది. బస్సులోనే పోతానంది.

"పెట్టె లేకుండా పోతే నలుగురిలో మా అమ్మకు షరమ్, దాదీ." నా మనవరాలిలాగే తనూ నన్ను నానమ్మ అనే పిలుస్తుంది.

నిజమే. మా కోరుట్లలోనూ గల్ఫ్ నుంచి దిగినవాడి ముఖం తర్వాత, ముందు పెట్టెనే చూస్తారు. అందుకే చెప్పాను.

"మా ఆయన ఈ ఖతర్లనే, దుఖాన్ అనే ఊర్ల నౌకరి చేసిండు. బొంబాయిల దిగేటోడు. ఆడికెళ్ళి హైదరాబాదుకు విమానముండె. పెట్టెలు పట్టయని బస్సుల వచ్చేటోడు. ఇల్లు చేరేసరికి పిల్లలు పండుకునేటోళ్ళు. పొద్దుగాల లేచి ఈ రయీస్ పెట్టె కాడికే ఉరికేటోడు, బాపు దిక్కు చూడకపోతుండె. అప్పుడు దెచ్చిన దుప్పట్లు ఇంకా గట్టిగనే ఉన్నయి. ఆయన లేడు."

రయీస్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అచియెంగ్ పెట్టె పక్కన కూర్చుంది. తర్వాత ముడి విప్పి, అడుగు నుంచి అకిన్యికి కొన్న ఎర్ర బూట్ల జత ఒక్కటే తీసుకుని, మళ్ళీ కట్టేసింది.

"ఈ పెట్టె నీ మంచం కింద పెట్టు, దాదీ."

"నా చెప్పులకే జాగ లేదు ఆడ," అన్నాను. పెట్టించాను. కార్గోలో పంపుదామని, కిసుముకు విమానం టికెట్ తీస్తూ రయీస్ అన్నాడు.

బయల్దేరిన మర్నాడు కిసుము నుంచి వీడియో ఫోన్ చేసింది. వాకిట్లో ఎండ కాస్తోంది. వాడకట్టంతా చేరి పెట్టె ఏదని అడుగుతోందట. అకిన్యి, అమ్మమ్మ నడుముకు చుట్టుకున్న గుడ్డ అంచు పట్టుకుని ఆమె వెనకే నిలబడింది. అచియెంగ్ నేల మీద కూర్చుని, ఒక బూటు ముందు పెట్టింది. పిల్ల బూటును చూసింది, తల్లిని చూసింది, కదల్లేదు.

"రాదు, దాదీ."

మా వీధి మసీదులో మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ నమాజుకు అజాన్ మొదలైంది. మాకూ వాళ్ళకూ గడియారం ఒకటేనని రయీస్ చెప్పాడు. బస్సెక్కి ఉంటే అచియెంగ్ ఇంకా దారిలోనే ఉండేది.

"దగ్గరికి గుంజకు. అట్లనే కూసో," అన్నాను.

పొద్దు గుంకడానికి ఇంకా చాలా ఉంది.