ఉండాది అంటే ఉండాలి

చిత్తూరులో నేను కంప్యూటరు నేర్చుకున్న గదిలోకి చెప్పులతో పోనిచ్చేవాళ్ళు కాదు. లోపల ఏసీ ఉండేది. చల్లటి గచ్చుకు పాదాలు తగలకుండా కుర్చీ కోళ్ళ మధ్య అడ్డకర్ర మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. తెర నల్లగా ఉండేది. అందులో ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ మనం ఏదో ఒకటి చెప్పేదాకా కాచుకుని ఉండేది. చెప్పడమంటే టైపు చేయడమే. ఒక్క అక్షరం తప్పినా 'బ్యాడ్ కమాండ్' అని ఒక ముక్క వేసి, మళ్ళీ ఆ గీతే. దానికి కోపం లేదు. మా సారుకు మాత్రం ఉండేది. "దానికి అర్థమయ్యేట్టు నువ్వు చెప్పాల. నీకు అర్థమయ్యేట్టు అది చెప్పదు" అనేవారు.

టైపులో లోయరు, హయ్యరు అప్పటికే పాసై ఉన్నాను కనుక వేళ్ళకు కష్టం లేదు. ఆ మాటలన్నీ బట్టీ పట్టాను. కొన్నాళ్ళకు గదిలోకి మౌస్ వచ్చింది. నేర్చుకున్న మాటలు చాలామటుకు అక్కర్లేకుండా పోయాయి. ఇక చెప్పడం కాదు, చూపించడం. చేతికి అలవాటు కావాలని సారు మమ్మల్ని పేకముక్కల ఆట ఆడమన్నారు.

సరిగ్గా ఆ రోజే నాయన వచ్చాడు. పూతలపట్టు దగ్గర బెల్లం వండేచోట పాకం చూడడం ఆయన పని. మండీకి బెల్లం వేసుకుని వచ్చినప్పుడు నన్ను చూసిపోదామని వచ్చాడట. చెప్పులు బయట విడిచి, నా వెనక నిలబడ్డాడు.

"పేకాటా ఈడ నేర్పేది?" అన్నాడు.

నేను మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. సారే నవ్వి, ఇది చేతికి సాధన అని వివరించారు. నాయన ఇంకాసేపు చూశాడు. చివరికి, ఎర్ర తొమ్మిదిని నల్ల పది కింద వేయమని చెప్పి, మండీకి వెళ్ళిపోయాడు.

పెళ్ళయ్యాక తిరుపతి వచ్చాను. మా ఆయనకు ఒక ఆఫీసులో గుమాస్తా పని. నేను అలిపిరి పోయే దారిలో ఒక డీటీపీ షాపులో చేరాను. షాపు నడిపేది నాకంటే కొంచెం పెద్దావిడ, అక్కా అని పిలిచేదాన్ని. పెళ్ళి పత్రికలు, పరీక్ష పేపర్లు, అర్జీలు, పెద్దకర్మ కార్డులు. ఎవరైనా చేతిరాతతో కాగితం తెచ్చి ముందు పెడితే, దానివైపే చూస్తూ కొట్టుకుంటూ పోయేదాన్ని. అందులో ఏముందో చదివినట్టు ఉండేది కాదు. కళ్ళలోంచి వేళ్ళలోకి పోయేది, అంతే.

నాయన పోయినప్పుడు మూడో రోజు దాటాక మా అన్న ఫోను చేశాడు. కార్డులు నువ్వే చేసి తీసుకురా అన్నాడు. సరేనన్నాను. నాయన ఫోటో విడిగా ఒక్కటీ లేదు. మా అన్న పెళ్ళిలో తీసింది ఒకటి దొరికింది. అందులో అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంది. వాళ్ళిద్దరూ అలా నిలబడడం నేను ఆ ఫోటోలో తప్ప ఎప్పుడూ చూడలేదు. ఫోటో తీసినవాడు చెయ్యి అలా వేయమని ఉంటాడు.

ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించి అమ్మను పక్కనుంచి కోసేశాను. చెయ్యి మాత్రం భుజం మీద మిగిలింది. చొక్కా బట్టలోంచి కొంచెం కొంచెం తీసి వేళ్ళ మీద పూస్తూ పోయాను. మణికట్టు పోయింది, గాజులు పోయాయి, రెండు వేళ్ళు మిగిలాయి. అవీ పోయాయి. చొక్కా గీతలు ఒకచోట సరిగ్గా కలవలేదనిపించి, చేసింది రద్దయ్యేట్టు వెనక్కి కొట్టాను. చెయ్యి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాను. అంతకుముందు ఎవరికో చేసిన కార్డు తెరిచి, పేర్లు మార్చి, ఫోటో అందులో పెట్టాను. దుఃఖతప్త హృదయాలతో అన్న మాట ఆ కార్డులోనిదే. అది మార్చనక్కర్లేకపోయింది.

అక్క నా వెనక వచ్చి నిలబడింది. "ఏడ్చుకోవే, ఎవురూ లేరు" అంది. నాకు ఏడుపు రాలేదు. అక్షరాల మధ్య ఎడం కొంచెం ఎక్కువైనట్టుందా అని అడిగాను. ఆమె పోయి ప్రింటరులో కాగితం పెట్టింది. పెద్దకర్మ రోజు వచ్చినవాళ్ళంతా ఫోటో బాగా వచ్చిందన్నారు. అమ్మ కార్డును చాలాసేపు పట్టుకుని చూసింది. 

చేతుల సంగతి తర్వాత మొదలైంది. కుడి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కేవి. విదిలిస్తే పోయేవి. తర్వాత విదిలించినా పోలేదు. టీ గ్లాసు వేడిగా ఉందో లేదో పెదవికి తగిలితేగాని తెలిసేది కాదు. మణికట్టులో నరం నొక్కుకుపోయిందని, చిన్న ఆపరేషను చేస్తే సరిపోతుందని డాక్టరు చెప్పారు. ఎండాకాలం పెళ్ళిళ్ళు కానీ అని వాయిదా వేస్తూ వచ్చాను. చేయించుకునేసరికి ఆలస్యమైంది. నొప్పి పోయింది, స్పర్శ సగమే వచ్చింది. మీటలున్నంత కాలం చప్పుడును బట్టి నెట్టుకొచ్చాను. తర్వాత పని ఫోనుల్లోకి మారింది. వాటికి మీటలు లేవు, అద్దం మాత్రమే. వేలు తగిలిందో లేదో నాకు తెలిసేది కాదు. దానికి తెలిసేది.

అప్పటికి పెళ్ళి పత్రికలు ఎవరికి వాళ్ళు ఫోనులోనే చేసుకుంటున్నారు. షాపుకు వచ్చేవి ఎక్కువగా అర్జీలే. ఒకరోజు అక్క తన ఫోను నా ముందు పెట్టి, ఇక వేళ్ళతో పని లేదు, నోటితో చెప్పు, అదే రాసుకుంటుంది అంది. నేను ఎదురుగా ఉన్న అర్జీదారు చెప్పిన మాటే చెప్పాను.

"మా ఇంటి ముందర కాలవ పూడిపోయుండాది."

'మా ఇంటి ముందర కాలువ పూడిపోయి ఉండాలి' అని రాసుకుంది. ఇంకోసారి చెప్పాను. మళ్ళీ అదే. మా వైపు ఉండాది అంటే ఉంది అని, కానీ కాలువ పూడిపోవాలని మేము కలెక్టరును కోరుతున్నట్టు వచ్చింది. చివరికి వార్తలు చదివే ఆవిడలాగా, మా ఇంటి ముందు కాలువ పూడిపోయింది అన్నాను. ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

అలా మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. నల్ల తెర మాటలు నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకున్నాను, దీనికి ఎక్కువ రోజులు కూడా పట్టలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే మాట్లాడితే ఇంటికి పోయాక కూడా అదే వచ్చేది. అన్నం వడ్డించమంటారా అని అడిగితే మా ఆయన తలెత్తి చూశాడు. ఒక ఆదివారం పూతలపట్టుకు ఫోను చేసి, అమ్మా, భోజనం చేశావా అన్నాను.

"ఎవురమ్మా మాట్లాడేది?" అంది అమ్మ.

"నేనేమ్మా."

"నువ్వా. ఏదో ఆఫీసోళ్ళు అనుకున్నా."

తర్వాత వాన పడిందా అని అడిగింది. పడలేదని చెప్పాను. ఫోను పెట్టేశాను.

సోమవారాల్లో కలెక్టరుకు అర్జీలిచ్చేవాళ్ళు మా షాపుకు వస్తారు. మొన్న ఒక సోమవారం తడ నుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఆమె మాటలో సగం అరవం. ఇంటి పక్క కరెంటు కంబం ఒరిగిపోయిందట. గాలి కొడితే ఇంటి మీద పడుతుందని భయం. ఇక్కడ కంబమంటే స్తంభమే. ఫోనును ఆమె దగ్గర పెట్టి చెప్పమన్నాను. చెప్పింది. కంభం అనే ఊరు ఆమె ఇంటి మీదికి ఒరిగి ఉండాలని రాసుకుంది.

ఫోను నా వైపు తిప్పుకుని, మా ఇంటి పక్కనున్న విద్యుత్ స్తంభం ప్రమాదకరంగా ఒరిగి ఉన్నది అని మొదలుపెట్టాను. ఆమె నా నోటివైపే చూస్తూ కూర్చుంది.

"నేను అట్ల చెప్పలేదే" అంది.

"నువ్వు చెప్పింది అది రాసుకోదవ్వా."

"యాలా?"

ఎందుకో చెప్పే బదులు ఫోను చేతిలోకి తీసుకుని, అంతా చదివి వినిపించాను. ఎవురో పెద్దింటోళ్ళు చెప్పినట్టుండాది అని, ఇట్ల రాస్తే పని అవుతాదా అని అడిగింది. అవుతుంది అన్నాను. కాగితం మీద వేలిముద్ర వేసి, మడిచి రవికలో పెట్టుకుని వెళ్ళింది. పని అయిందో లేదో తెలియదు, ఆమె మళ్ళీ ఇటు రాలేదు. ఆ రోజు ఆమె లేచిన కుర్చీలో వెంటనే ఇంకొకాయన వచ్చి కూర్చుని, బోరు ఎండిపోయిందని చెప్పడం మొదలుపెట్టాడు. నేను విని, ఫోనుకు చెప్పాను.