ముందు క్లాంపు వదలాలి

మా సందు చివర షెడ్డులో బళ్లు బాగుచేసే ఆయన్ని అందరూ నిదానం మేస్త్రి అంటారు. ముప్పై ఏళ్లలో ఆయన గొంతు లేచింది ఒక్కసారే. లేచిందంటే అలా ఇలా కాదు, ఎదురింటి పిన్ని పొయ్యి ఆర్పేసి మరీ వచ్చింది.

మందుల కొట్టు నుంచి ఇంటింటికీ మందులు చేర్చే అమ్మాయి ఒకతి ఉంది. మలుపుల్లో బండి మీంచి రెండుసార్లు పడి మోచెయ్యి చీరుకుపోయింది. ఇంకోసారి పడితే పనిలోంచి తీసేస్తానన్నాడు కొట్టాయన. ఆ బండి హ్యాండిల్ వదులైందంటే అంతకుముందు వారమే బిగించింది మేస్త్రి అల్లుడు. ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుని వచ్చి అడిగితే, ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా?

"బండి బంగారంలా ఉందమ్మా. నీకే నడపడం రాదు."

లోపల టీ తాగుతున్న మేస్త్రి గ్లాసు పక్కన పెట్టేశాడు. బండికి స్టాండు వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని చిటికెన వేలితో తోశాడు. సరిగ్గా ఉంటే దానంతటది పక్కకి వాలిపోవాలి. అది మొండి గాడిదలా నిలబడింది.

"ఏం నాయనా, హ్యాండిల్ నట్టు తిప్పేముందు క్లాంపులు వదులు చేశావా?"

"నట్టు బిగించడానికి క్లాంపులెందుకు మావయ్యా? అన్నీ వదిలి మళ్లీ బిగించాలంటే పూటంతా దానికే సరి."

"పూటంతానా! ముందు చక్రం ఫోర్కు గొట్టాల్ని క్లాంపు పట్టుకునుంటే నట్టు ఎక్కడికి దిగుతుందిరా, నీ తలకాయలోకా? దిగట్లేదని పళ్లు కొరికి తిప్పావు, లోపల బేరింగు గోళీలు నలిగి చచ్చాయి. తప్పు నీది, దెబ్బలు ఆ పిల్లకి, పైగా నడపడం రాదంటావా? ఎక్కు! నువ్వే నడుపు, చూస్తాం!"

అల్లుడు ఎక్కాడు. పది గజాలు పోయాడో లేదో, బండి తాగినవాడిలా ఊగి పిన్ని పూలకుండీని గుద్దింది.

"అయ్యో, అబ్బాయికి నడపడం రాదు పాపం!" అంది పిన్ని.

మేస్త్రి నవ్వలేదు. అల్లుడి చేతే పని చేయించాడు. కొత్త గోళీలు వేయించి, క్లాంపులు వదులుగా ఉంచి నట్టు బిగింపజేశాడు. హ్యాండిల్‌ని అటు చివర్నుంచి ఇటు చివరికి పదిసార్లు తిప్పించి, అప్పుడు క్లాంపులు బిగింపజేశాడు. ఈసారి చిటికెన వేలు తగిలీ తగలకముందే హ్యాండిల్ వాలిపోయింది.

"పద. కొట్టాయనకి చెప్పి రా."

"నేనా? ఏమని?"

"ఆ పిల్ల పడలేదు, నేనే పడేశానని."

అమ్మాయి బండి నడిపింది. అల్లుడు వెనకాల కూర్చున్నాడు. మలుపు దగ్గర భయంతో కళ్లు మూసుకున్నాడట. బండి మాత్రం నూలుపోగంత కూడా ఊగలేదు.