హెడర్ మీద వేలిముద్రలు

కొత్త హెడర్ మొదటిసారి వేడెక్కేటప్పుడు ఒక వాసన వస్తుంది. పొయ్యి మీద ఖాళీ పెనం మరిచిపోతే వచ్చే వాసన లాంటిదే, అడుగున కాస్త స్పిరిట్ ఘాటు ఉంటుంది. హెడర్ అంటే ఇంజనులోంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టాల గుత్తి. ఉత్తమ్ నగర్‌లోని నా చిన్న షెడ్డులో నెలకు రెండో మూడో చేస్తాను. నిన్న ఉదయం ఒక పాత చిన్న కారుకు బిగించి ఇంజను నడిపించాం. స్టీలు మొదట ఎండుగడ్డి రంగుకు, తర్వాత తేనె రంగుకు తిరుగుతుంటే ఆ వాసన లేచింది. దాంతోపాటు మూర్తి అంకుల్ వచ్చి పక్కన నిలబడ్డట్టయింది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఈ పని నాకు నేర్పింది ఆయనే. నా చేతిలోంచి లాక్కున్నదీ ఆయనే.

జనక్‌పురిలో మేం పై వాటాలో ఉండేవాళ్ళం, ఆయనా ఆయన భార్య ఆంటీ కింది వాటాలో. కాకినాడ మనిషి, కేంద్ర ప్రభుత్వ వర్క్‌షాపులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. కారు నిలపాల్సిన చోట రేకు కప్పుకుని, రేసుల సరదా ఉన్నవాళ్ళ చిన్న కార్లకు హెడర్లు చేసిపెట్టేవారు. నేను బడి మొహం చూడలేదు. నాన్న బదిలీలతో విసిగి అమ్మే ఇంట్లో చదువు చెప్పింది, పదీ పన్నెండూ ప్రైవేటుగా కట్టించింది. చదువుకన్నా ముందు ప్రార్థన నేర్పింది. అందులో అమ్మది ఒకటే నియమం. "అందరికీ కలిపి గంపగుత్తగా వందనాలు చెప్పకు. ఎవరు, ఏం చేశారు, రెండూ చెప్పు. దేవుడి ముందు లెక్క తప్పగూడదు" అనేది.

నాకు పంతొమ్మిదేళ్ళు ఉన్నప్పుడు ఒక ఉదయం మా ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉంటే, కింద కరెంటు లాగేస్తున్న వెల్డింగ్ మిషన్ ఆపమని చెప్పి రమ్మని అమ్మ పంపింది. అంకుల్ ముఖం మీది ముసుగు పైకెత్తి నన్ను చూశారు.

"ఏమ్మా, పైనుంచి ఫిర్యాదా?"

"ప్రార్థన టైములో ఫ్యాను ఆగిపోతోందండి."

"ప్రార్థనకు ఫ్యానెందుకే పిల్లా. సరే, వచ్చావుగా, ఈ గొట్టం పట్టుకో. కదిపావంటే నీ పెళ్ళి భోజనానికి రాను."

కదపలేదు. మర్నాడు పిలవకుండానే వెళ్ళాను. అమ్మ చెప్పిన జామెట్రీ దేనికి పనికొస్తుందో నాకు ఆ రేకు కింద తెలిసింది. మూడు సిలిండర్ల ఇంజనుకు మూడు గొట్టాలు వంపులు తిరుగుతూ వచ్చి ఒక్కటిగా కలవాలి. మూడూ ఒకే పొడవు ఉండాలి. "ముగ్గురూ వంతులవారీగా ఊపిరి వదులుతారమ్మా. ఒకడి దారి పొట్టిదైతే పక్కవాడి ఊపిరికి అడ్డం పడతాడు" అనేవారు. గొట్టాన్ని దోసకాయ ముక్కల్లా ఏటవాలుగా కోసి, అతుకుతూ వంపు తెచ్చి, పురికొసతో పొడవు కొలిచేదాన్ని. గొట్టాలు ఇంజనుకు ఆనే చోట ఒక మందపాటి పలక ఉంటుంది. వెల్డింగ్ చేసేటప్పుడు దాన్ని పాత ఇంజను తలకు బోల్టులతో బిగించి ఉంచాలి, చల్లారేదాకా విప్పకూడదు. ఒకసారి ఆత్రంగా విప్పాను. నా కళ్ళ ముందే పలక వంకర పోయింది. ఆయన అరవలేదు. రంపం తెచ్చి నా చేతే ముక్కలు కోయించారు. "బెత్తం దెబ్బ తినకుండా చదువుకున్నావు చూడు, అదీ లోటు" అని మాత్రం అన్నారు.

ఆయన అన్నిటికంటే గట్టిగా నేర్పింది చివరి పని. ఇంజను తిప్పేముందు హెడరంతా స్పిరిట్ గుడ్డతో తుడవాలి. చేతి జిడ్డు ఉండిపోతే వేడికి అక్కడే కాలి, వేలిముద్ర గోధుమరంగు మచ్చగా స్టీలులో దిగిపోతుంది. ఇక పోదు. "మన పని కనబడాలి, మన వేళ్ళు కాదు" అనేవారు. అంత చక్కని మాటకు ఆ తర్వాత అంత విషం పడుతుందని నేననుకోలేదు.

మూడో ఏడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట కళ్ళజోడు మార్చాలన్నారు, తర్వాత కరెంటు సరిగా లేదన్నారు. ఒకరోజు ముసుగు తీసి నా చేతికిచ్చి, "నువ్వు లాగించు, నాకు నడుం పట్టేసింది" అన్నారు. అప్పటినుంచి వెల్డింగంతా నాదే. ఆయన స్టూలు మీద కూర్చుని చూసేవారు. గేటు చప్పుడైతే మాత్రం ముసుగు తీసుకుని తలకు పెట్టుకునేవారు. నేనది నవ్వుతాలుగా తీసుకున్నాను.

ఫరీదాబాద్‌లో రేసు కార్ల షెడ్డు నడిపే ఖన్నా గారు తన కారు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బిగించి ఉన్న హెడర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అతుకుల వెంట గోరు పెట్టి నడిపారు. పక్కపక్కన పేర్చిన నాణేల్లా ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. మూడు వారాల నా పని అది.

"అంకల్ జీ, యే కిస్‌కా హాథ్ హై? ఎవరి చేతిపని ఇది? నాకు షెడ్డులో ఇలాంటి మనిషి కావాలి. ఎవరైనా సరే, రేపటినుంచే రమ్మనండి. సర్టిఫికెట్ ఏమీ అడగను."

ఏ కాలేజీ కాగితమూ లేని నాకు అలాంటి మాట ఇంకెవరు అంటారు? అంకుల్ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"మేరా హై జీ, నాదే. ఈ వయసులో ఉద్యోగాలేం చేస్తాను చెప్పండి. ఈ బేటీ పైన ఉంటుంది, కడ్డీలు అవీ అందిస్తుంది" అన్నారు నవ్వుతూ. నావైపు తిరిగి, "తుడువమ్మా, స్టార్ట్ చేద్దాం" అన్నారు.

పొద్దుటినుంచి బిగించినవి నా చేతులే కనుక గొట్టాల నిండా నా వేలిముద్రలే ఉన్నాయి. వెలుతురుకు స్పష్టంగా కనబడుతున్నాయి. గుడ్డ తడిపి ఒక్కొక్కటే తుడిచాను. నేనే తుడిచాను.

మర్నాడు వెళ్ళి అడిగాను. "నిన్న ఎందుకలా చెప్పారండీ?"

ఆ వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నారు. "నా చెయ్యి పోయిందని వాడికి చెప్పమంటావా? నీకింకా బోలెడు పనులొస్తాయి. నాకు మిగిలింది ఆ పేరొక్కటే" అన్నారు. తప్పయిందన్న మాట రాలేదు. ఆ సాయంత్రం ఆంటీ గిన్నెనిండా చేపల పులుసు పంపింది. ఆ పని నాదని ఆవిడకూ తెలుసని నాకప్పుడు అర్థమైంది. నేను కిందికి వెళ్ళడం మానేశాను.

బోలెడు పనులేమీ రాలేదు. ఆరేళ్ళు పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పాను. షెడ్ల చుట్టూ తిరిగితే, "దీదీ, రిసెప్షన్‌కి అయితే చూద్దాం" అనేవారు. అమ్మ మాత్రం ప్రార్థనలో ఆయన పేరు చెప్పించడం మానలేదు. ఆ పేరు నోటికి రావడం లేదంటే, "పని నేర్పిన మాట అబద్ధమా? కాదుగా. అయితే చెప్పు" అంది. చెప్పేదాన్ని. వేపాకు నమిలినట్టుండేది.

ఆయన పోయినప్పుడు ఖన్నా గారు వచ్చారు. ఆంటీ చెయ్యి పట్టుకుని, ఆ హెడర్ ఇంకా తన కారుకే ఉందని, ఒక్క పగులు కూడా రాలేదని, అలాంటి చెయ్యి మళ్ళీ దొరకలేదని కళ్ళు తుడుచుకున్నారు. నేను టీ ట్రేతో అక్కడే ఉన్నాను. ఆంటీ నావైపు చూసింది. చెప్పొద్దని అడుగుతున్నట్టుంది ఆ చూపు. ఖన్నా గారి చేతికి కప్పు అందించాను.

ఆ తర్వాత ఒక బైకుల షెడ్డులో మొదటినుంచి మొదలుపెట్టి, ఈ రేకుల కప్పు సంపాదించుకున్నాను. ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం. ఇప్పటికీ తెల్లవారి ప్రార్థనలో మూర్తి అంకుల్ పేరు వస్తుంది. ఎవరు, ఏం చేశారు, రెండూ చెబుతాను. ఆయన నాకు పని నేర్పారు. ఆ పని నాది కాదన్నారు. ఒకటి వదిలి ఒకటి చెప్పడం నాకింకా చేతకాలేదు.

నిన్న ఇంజను తిప్పేముందు ఒకటి అనుకున్నాను. కింది గొట్టానికి వెనక, ఎవరూ చూడని చోట, నా బొటనవేలి ముద్ర ఒకటి వదిలేద్దామని. హెడరంతా తుడిచాక అక్కడ వేలు ఆనించాను కూడా. కారు తెచ్చిన అబ్బాయి తాళం తిప్పబోయాడు. "ఏక్ మినిట్ భయ్యా" అన్నాను. చూసుకునేసరికి గుడ్డ నా చేతిలో ఉంది. ముద్ర ఉన్నచోట స్పిరిట్ తడి ఆరిపోతోంది.