రెండు గడుల్లోనూ పిడుగే

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వెళ్లే బస్సులో నా పక్కన ఒక గొర్రెల కాపరి కూర్చున్నాడు. నేను కాకినాడ కాలేజీలో ఇంగ్లీషు చెబుతానని తెలియగానే జేబులోంచి నలిగిపోయిన దరఖాస్తు తీశాడు. పిడుగు పడి ఆయన గొర్రెలు పదకొండు చచ్చిపోయాయట. పరిహారం కోసం తిరుగుతున్నాడు.

"ఈ గడిలో కాజ్ అని ఉందంట, ఆ గడిలో రీజన్ అని ఉందంట. రెండిట్లోనూ పిడుగనే రాయించినా. తప్పని ఆఫీసోళ్లు రెండుసార్లు తిప్పి పంపిరి. మళ్లా ఆడికే పోతాండా. ఏంది సార్ తేడా?"

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్పేవాణ్ణి, ఉత్సాహం వచ్చేసింది.

"కాజ్ అంటే దేనివల్ల జరిగిందో అది. గొర్రెలు పిడుగువల్ల పోయాయి కాబట్టి అక్కడ పిడుగు సరైనదే. రీజన్ అంటే మనిషి తను చేసినదానికి చెప్పుకునే కారణం. దరఖాస్తు ఎందుకు ఆలస్యమైందని ఈ రెండో గడిలో అడుగుతున్నారు."

"నేను మర్సటి దినమే ఇచ్చినా గదా సార్! వాళ్లు తిప్పి పంపుతాంటే గడువు దాటిపాయ."

అంటే ఇప్పుడు ఆలస్యానికి కారణం ఆ గడే. అదే రాద్దామని పెన్ను తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్, నిజం రాస్తే మళ్లా తిప్పుతారు. నాకు జరమొచ్చిందని రాయి."

జ్వరం వచ్చిందని అలాగే రాసిచ్చాను.

"ఇప్పుడిది రీజనేనా సార్?"

"కాదు పెద్దాయనా, సాకు."

"అదైతే చెల్తాది లే" అని కాగితం భద్రంగా మడిచి పెట్టుకున్నాడు.